పక్కన పెట్టిన కుంకుడు గింజ

నా చిన్నప్పుడు మా వాడలో ఏడాదికొక అనుమానాల నెల వచ్చేది. దసరా దాటి వానలు ఎనకపట్టి, కొండవాగుల్లో ఎర్రనీళ్ళు తేరుకుని అడుగున గులకరాళ్ళు కనపడే రోజులవి. వరి పొట్ట మీద ఉండేది, కోతలకి ఇంకా టైముండేది, కూలి పనులు తక్కువ. ఆ సందులో ఒకరోజు మా వాడోళ్ళంతా కలిసి కంచికచర్ల దాటి, జి.కొండూరు వైపు కొండల్లోకి చేపలకి పోయేవాళ్ళు. గాలాలతోనే. వల ఎయ్యకూడదు, నీళ్ళల్లో మందు కలపకూడదు, అది మా పెద్దల కట్టుబాటు. చీకటితో బయల్దేరి, బండల మీద వండుకు తిని, పొద్దుగూకేలోపు బుట్టలతో తిరిగి రావాలి. ఏడాదంతా ఒకళ్ళ చేలో వంగి పనిచేసే మనుషులు ఆ ఒక్కరోజే నడుం ఎత్తి కూర్చునేవాళ్ళు.

సంతోషపడాల్సిన సంగతే గదా, మరి అనుమానం దేనికంటారా. మేం పోయే వాగు పొడుగునా మడుగులు బోలెడు. ఏ ఏడు ఏ మడుగుకి పోవాలో మాలో మేం ముందే అనుకునేవాళ్ళం. వల లాగిన మడుగులో ఇక ఆ రోజుకి గాలానికి ఏమీ పడదు. చేప బెదిరిపోయి బండల కిందకి దూరుద్ది. అట్టాంటిది వరసగా రెండేళ్ళు, మేం పోయేసరికి మేమనుకున్న మడుగులోనే ఎవరివో వలలు. ఒడ్డున పొయ్యి రాళ్ళు, బూడిద, బండ మీద పొలుసులు. రెండేళ్ళూ ఉత్త బుట్టలతో వచ్చాం. ఇన్ని మడుగులుండగా సరిగ్గా మాదానికే వాళ్ళెట్టా వస్తున్నారు?

"మనలో ఎవరో బయటికి కబురు మోస్తున్నారే," అంది మా నాయనమ్మ. "ఈసారి కూడా బుట్టలు ఖాళీగా వచ్చినయ్యంటే ఇక ఈ ప్రయాణమే మానిపిస్తా."

ఆమె అన్నదంటే అన్నట్టే. మా వాడలో ఆ ప్రయాణానికి పెద్ద ఆమే. నా బెంగంతా నా ప్రయాణం మీదే. పిల్లల్ని అప్పటిదాకా కొండల్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ ఏడే నన్ను తీసుకుపోతానని మాటిచ్చారు. నా ఎత్తుకి తగ్గ వెదురు కర్ర కూడా కోసి పెట్టుకున్నా.

మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. నాకూ సంతకం దాకానే, అది వేరే సంగతి. ఆమె ఏ పని తలపెట్టినా గింజలతో చేసేది. నేల అలికి, దాని మీద మనిషికొక చింతపిక్క పెట్టేది. ఈ పిక్క బియ్యం తెస్తాడు, ఈ పిక్క బుట్టలు తెస్తది, ఈ పిక్క ఎర్రలు తవ్వుద్ది అని జరుపుతా ఉండేది. ఎర్రలంటే వానపాములు, గాలానికి గుచ్చేవి. వాటన్నిటి మధ్య ఒక్క కుంకుడు గింజ ఉండేది, నల్లగా, నున్నగా. అది మా సాయిబు మామ.

సాయిబు మామది మా వాడ కాదు, మా పక్క వీధి. ఊళ్ళో ఒక ఆసామి ట్రాక్టరు తోలేవాడు. ఆసామిని అడిగి, ఆ రోజుకి ట్రక్కు తగిలించి మమ్మల్నందర్నీ కొండ కిందదాకా చేర్చేది ఆయనే. కుర్రతనంలో మిలట్రీలో డ్రైవరుగా చేసి వచ్చాడు. మేమెరగని సంగతులు చాలా తెలుసు. అట్టాంటోళ్ళ మీద జనానికి గౌరవమూ ఉంటది, ఒక కంట అనుమానమూ ఉంటది.

ఆ ఏడు నాయనమ్మ పట్టపగలు తలుపేసి పిక్కలు పరిచింది. ముందు మా బాబాయి పిక్క చూపించింది. "ఈడు కల్లు తాగితే నోరు నిలవదు." బాబాయి ఉలిక్కిపడ్డాడు. "అమ్మా, తాగినోడి మాట ఎవడు నమ్ముతాడే, నన్నొదిలెయ్," అన్నాడు. తర్వాత పక్కింటి అక్క పిక్క. ఆమె పుట్టిల్లు చిల్లకల్లు, అన్నదమ్ములు వస్తా పోతా ఉంటారు. "అత్తా, మావోళ్ళు చేపని కూరలో తప్ప చూళ్ళేదు," అని ఆమె మూతి తిప్పింది. అప్పుడు నాయనమ్మ వేలు కుంకుడు గింజ మీద ఆగింది. ఊరూరూ తిరిగే బండి. ఎవరితో ఏం మాట్లాడతాడో ఎవరికి తెలుసు. ఆ రోజు ఆయన అక్కడ లేడు, కాబట్టి ఆ గింజ తరఫున మాట్లాడేవాళ్ళు లేరు. లేనివాడి మీద అనుమానం తొందరగా నిలబడుద్ది. ఇది నేను అప్పుడు అనుకున్నది కాదు, ఇన్నేళ్ళ మీద తెలుసుకున్నది.

మరుసటి రోజు నాయనమ్మ నన్ను పిలిచి, "ఏమే, ఆ సాయిబు ఏదో ఈక గాలం కడతాడంటగా, నేర్చుకోవే," అంది. "నేర్చుకుంటా కూర్చో. ఎవరొచ్చారో, ఏం మాట్లాడాడో వచ్చి చెప్పు." నాకు ఎగిరి గంతేసినంత ఆనందం.

ఈక గాలం సంగతి చెప్పాలి. మిలట్రీలో ఉన్నప్పుడు, మంచుకొండల కాడ చల్లటి ఏళ్ళల్లో పెద్ద ఆఫీసర్లు అట్టా పట్టడం మామ చూశాడట. ఎర్ర గుచ్చరు. కొక్కేనికి చిన్న ఈక దారంతో బిగించి కడతారు. నీళ్ళ మీద అది వాలితే అచ్చం పురుగు వాలినట్టే ఉంటది. వాడలో అందరూ నవ్వేవాళ్ళు. ఈకలు తినడానికి చేపేమన్నా పిల్లి అనుకున్నాడా అని బాబాయి ఎగతాళి.

"తినదు. అనుమానపడుద్ది, పురుగేమోనని," అనేవాడు మామ. "ఆ అనుమానమే దాని నోరు తెరిపిస్తది."

పుంజు మెడ మీది ఎర్రటి ఈకలే మేలన్నాడు. మా దగ్గరలో అట్టాంటి పుంజు పక్కింటి అక్కకే ఉంది. ఎట్టా తెచ్చానో అడగొద్దు. ఆమె మాత్రం ఉదయం లేచి పుంజు మెడ చూసుకుని, "నా పుంజుకి ఎవరో చేతబడి చేశార్రోయ్," అని వీధంతా తిట్టింది. ఆ నెల్లో అందరి కళ్ళకీ అట్టాంటివే కనపడేవి.

మామ వాకిట్లో చాప మీద కూర్చుని ఇద్దరం కడతా ఉండేవాళ్ళం. కొక్కెం రెండు వేళ్ళ మధ్య పట్టుకోవాలి, ఈక మొదలు అదిమిపెట్టాలి, దారం చుట్టి చివర పంటితో లాగాలి. నా నాలిక మీద దారపు పోగులు. మొదటిరోజే ఆయన తలెత్తకుండా అడిగాడు. "ఏం పిల్లా, ఇయ్యాళ మీ నాయనమ్మకి ఏం చెప్తావు?" నేను దారం చుట్టడం ఆపేశా. ఆయన మాత్రం తాపీగా, "పొద్దున పాలాయన వచ్చాడు, మధ్యాన్నం మా ఆవిడ పప్పులో ఉప్పెక్కువేసింది, నేనేమీ అన్లేదు, అని చెప్పు," అన్నాడు. నేనట్టాగే చెప్పా. నాయనమ్మ కళ్ళు చిన్నవి చేసి, "ఏమీ అన్లేదా? జాగ్రత్తపడుతున్నాడన్నమాట," అంది. అనుమానం ఉన్నోళ్ళకి పప్పులో ఉప్పు కూడా సాక్ష్యమే.

రోజూ కడతానే ఉన్నాం. ఒక డబ్బా నిండింది. అందరూ ఎర్రలతో పట్టేవాళ్ళే, ఇన్ని దేనికి మామా అంటే, "పనికొస్తయ్‌లే," అనేవాడు.

అంతలో బాబాయి ఒక కబురు మోసుకొచ్చాడు. కంచికచర్ల సెంటర్లో మామ ట్రాక్టరు ఆపుకుని, వల మూటలున్న మనుషులతో నిలబడి నవ్వుతా మాట్లాడుతుంటే చూశాడట. తన కళ్ళతో చూశానని బాబాయి ఒట్టేశాడు. ఆ రోజు తాగలేదు కూడా. నాయనమ్మ ఇంకేమీ అడగలేదు. పిక్కల మధ్యలోంచి కుంకుడు గింజ తీసి గోడ వారకి పెట్టింది.

"ఆయన లేకపోతే బండెట్టా అత్తా?" అంది పక్కింటి అక్క.

"కంచికచర్ల దాకా బస్సు. ఆ పైన నడక. పిల్లలు వద్దు."

ఆ ఆఖరి మాట నాకు. నేను ఏడుస్తా పోయి మామ చాప మీద పడ్డా. నీ గింజ పక్కన పెట్టేసింది మామా, అని అంతా చెప్పేశా. ఎవరి మీద నిఘాకి పోయానో వాళ్ళకే కబురు మోశా. మామ దారం పక్కన పెట్టాడు. కోపగించుకుంటాడనుకున్నా. ఆయన మొహంలో కోపం లేదు గానీ, నలుగుర్లో కూర్చుని తింటుంటే విస్తరి లాగేసిన మనిషిలా ఉన్నాడు. తర్వాత భుజాన తువ్వాలు ఏసుకుని మా ఇంటికొచ్చాడు.

గుమ్మం బయటే నిలబడ్డాడు. "పెద్దమ్మా, ఒక్కమాట. ఈసారి మడుగు పేరు నాకు చెప్పొద్దు. నాకే కాదు, ఎవరికీ చెప్పొద్దు. మీ కొడుక్కి గూడా. మీరొక్కరే మనసులో అనుకోండి. బండి కంచికచర్ల దాటాక చెప్పండి, అటు తోలతా. అప్పుడు నేను మోసేదేముంది, ఇంకోళ్ళు మోసేదేముంది?"

నాయనమ్మ ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. ఇందులో ఏం మెలికుందా అని వెతికింది. దొరకలేదు. "సరే," అంది చివరికి. "అప్పుడు గూడా వలలు కనపడితే?"

"అప్పుడు చూద్దాం పెద్దమ్మా."

కుంకుడు గింజ మళ్ళీ పిక్కల్లోకి రాలేదు గానీ, గోడ వారనుంచి కాస్త ఇవతలకి జరిగింది. దాంతోపాటే నా ప్రయాణం కూడా ఇవతలకి జరిగింది, బండి ఉంది కాబట్టి పిల్లలూ రావచ్చంది.

ఆ వారం నాయనమ్మ నోరు కుట్టేసుకున్నట్టు ఉంది. ఏ మడుగే అని నేను కాళ్ళు పిసుకుతా అడిగినా చెప్పలేదు. ఆమె నిద్రలో పలవరిస్తదేమోనని బాబాయి పక్కనే మంచం ఏసుకున్నాడు. పలవరించలేదు. ఆదివారం అందరం చర్చికి పోయాం, వచ్చాం. మంగళవారం తెల్లారుజామున ట్రక్కులో గడ్డి పరిచి, దాని మీద గోనెలు ఏసి ఎక్కాం. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడంలేదు. గాలం కర్రలు మాత్రం ఒకదానికొకటి తగిలి కటకటమంటున్నయ్. కంచికచర్ల దాటాక నాయనమ్మ ట్రక్కు అంచు పట్టుకుని లేచి, ఇంజను మోతలో మామకి వినపడేటట్టు అరిచింది. "నెమలిబండ మడుగు!"

కొండ కింద దిగి నడిచాం. తుప్పలు మంచుకి తడిసి ఉన్నయ్. నా కర్ర నేనే మోశా. మలుపు తిరిగేలోపే పొగ వాసన వచ్చింది. అందరి కాళ్ళూ ఆగినయ్.

మడుగు నిండా వలలు.

ఎవరూ ఎవరివంకా చూళ్ళేదు. ఎవర్నని అనుమానించాలి? దారి పొడుగునా ఎవరూ బండి దిగలేదు. పేరు తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె మా ముందు నడుస్తా ఉంది. నాయనమ్మ మొహం చూస్తే నాకు భయమేసింది. బాబాయి మాత్రం ఆగలేకపోయాడు. గబగబా పోయి, వల లాగుతున్న ఒక మనిషి భుజం పట్టుకున్నాడు.

"ఈ మడుగు నీకెవరు చెప్పారు? నిజం చెప్పు!"

ఆ మనిషి ఏ తప్పూ ఎరగనట్టు, తువ్వాలుతో మొహం తుడుచుకుని అన్నాడు. "మీ పెద్దామే గదండీ చెప్పింది. మా ఆవిడ పుట్టిల్లు మీ ఊరే. ఈ రోజుల్లో ఏటా పుట్టింటికి వస్తది, మీ చర్చికి వస్తది. మీ పెద్దామె ప్రార్థన చేసుద్ది గదా పైకి. ప్రభువా, మావోళ్ళు మంగళవారం నెమలిబండ మడుగుకి పోతన్నారు, అక్కడ పాచిబండలు జారుడు, ఎవరి కాలూ జారనియ్యొద్దు, బుట్టలు నింపు, అని. మా ఆవిడ గూడా ఆమెన్ అనే వచ్చిందండీ."

బాబాయి ఆ మనిషి భుజం వదిలేశాడు.

ఆ ఆదివారం నేను ఆమె పక్కనే చాప మీద మోకాళ్ళేసి ఉన్నా. ఆ మాటలన్నీ విన్నా. బాబాయి విన్నాడు, పక్కింటి అక్క విన్నది, వాడంతా విన్నది. అందరం ఆమెన్ అన్నాం. ఒక్కళ్ళకీ తట్టలేదు. ప్రార్థనంటే మాకు పైకి పోయే మాట. పక్కకి పోద్దని ఎవరనుకుంటారు? ఏటా ఆమె అట్టాగే మడుగు పేరుతో సహా దేవుడికి అప్పజెప్పేది. పేరు చెప్పకపోతే ఆయన కాపలా వేరే మడుగు కాడ నిలబడతాడేమోనని ఆమె బెంగ.

నాయనమ్మ ఒక బండ మీద కూలబడింది. ముందుగా నవ్వింది పక్కింటి అక్క. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకోలేక, "అత్తా, దేవుడి పిక్క గూడా పక్కన పెట్టాల్సిందే," అంది. బాబాయి నవ్వబోయి అమ్మ మొహం చూసి మానుకున్నాడు.

ఇక తిరిగి పోదామా అని ఎవరో అంటుండగా, మామ ఈకల డబ్బా తీశాడు. "మడుగు వాళ్ళది. పైన రాళ్ళల్లో నీళ్ళు ఉరుకుతున్నయ్ చూడండి, అక్కడ వల తిరగదు. అక్కడి చేప ఎర్ర మునిగిందాకా ఆగదు, పైనే తేలేది కావాలి," అని తలా ఒక ఈక గాలం చేతిలో పెట్టాడు. అందరికీ సరిపోయినయ్. అప్పుడర్థమైంది నాకు, అన్ని ఎందుకు కట్టించాడో.

నన్ను వెంటబెట్టుకుని రాళ్ళ మీదికి ఎక్కాడు. కర్ర ఎట్టా విదిలించాలో, ఈక నీళ్ళ మీద వాలగానే మళ్ళీ ఎట్టా లేపాలో చూపించాడు. నా ఈక రెండుసార్లు తుప్పలకి తగులుకుంది, ఒకసారి బాబాయి చొక్కాకి. ఆ తర్వాత ఉరికే నీళ్ళల్లో వాలింది. ఒక తెల్లటి మెరుపు పైకి లేచి దాన్ని అందుకుంది. అరచేతంత పరిగె చేప. నా చేతిలో కొట్టుకుంటుంటే దాని ఒంటి చల్లదనం నా మోచేతి దాకా పాకింది.

ఆ చేపని బుట్టలో వేశాక అడిగా. "మామా, నీకు ముందే తెలుసా?"

తెలుసన్నాడు. కంచికచర్ల సెంటర్లో ఆ వలలవాళ్ళని ఆయనే ఆపి అడిగాడట, మీకు మా మడుగు ఎట్టా తెలుస్తుందని. వాళ్ళు దాచలేదు. దాచాల్సినదని వాళ్ళకి తెలియదు. బాబాయి చూసింది సరిగ్గా దాన్నే. కళ్ళు చూసింది నిజమే, అనుకున్నది అబద్ధం.

"మరి నాయనమ్మకి చెప్పొచ్చుగా?"

"ఆమె అనుమానించిన నోటితో నేను చెప్తే అది ఇంకో అనుమానం అవుద్ది. ఆమె అంతట ఆమెకి తెలియాలి," అన్నాడు. నా గాలానికి తడిసిన ఈక సర్దుతా ఇంకోమాట అన్నాడు. "వాళ్ళు ఇంకోటి గూడా చెప్పారు పిల్లా. మీ పెద్దామె ప్రార్థనలో నా పేరు గూడా ఉంటదంట. బండి తోలే ఆ సాయిబు బిడ్డ చేతులు కాపాడు ప్రభువా, అని ఏటా అడుగుద్దంట. నాకోసం అడిగే మనిషిని ఆ నోరు ముయ్యమని నేనెట్టా చెప్పేది?"

ఆ ఆదివారం గూడా అడిగింది. నేను విన్నా. కుంకుడు గింజ గోడ వార ఉండగానే, దేవుడి ముందు ఆయన పేరు చెప్పింది.

మేం కిందకి దిగేసరికి నాయనమ్మ పొయ్యి రాజేసి అన్నం వార్చింది. ఎప్పుడూ ముందు తనే తినేది, పెద్ద కాబట్టి. ఆ రోజు మొదటి విస్తరి మామ ముందు పెట్టింది. "ఉప్పెక్కువైతే చెప్పు సాయిబూ, ఊరుకోబాక," అంది. మామ నావంక ఓరగా చూశాడు. క్షమించమనడం ఆమెకి రాదు. ఆమెకి వచ్చింది అదే. బుట్టలు నిండలేదు గానీ ఖాళీగా మాత్రం రాలేదు. ప్రయాణం ఆగలేదు. మరుసటేడు పిక్కల మధ్య కుంకుడు గింజ తన పిక్క పక్కనే పెట్టుకుంది. చర్చిలో ప్రార్థన చేస్తా సగంలో ఆగింది. ఒక కన్ను తెరిచి చుట్టూ చూసింది. "ఎక్కడికి పోతన్నారో నీకు తెలుసు ప్రభువా, నేను చెప్పను," అని కన్ను మూసుకుంది. చర్చంతా దగ్గారు, నవ్వలేక.

నేనూ అనుమానపు మనిషినే. ఆమె మనవరాల్ని గదా. మా ఆయన పోయాక ఇంకా ఎక్కువైంది. ఫోను మోగితే అనుమానం, గేటు చప్పుడైతే అనుమానం, ఎవరన్నా తియ్యగా పలకరిస్తే మరీ అనుమానం. ఒంటరి ఆడదానికి అది గడియ లాంటిది, తీసెయ్యమని ఎవరూ చెప్పొద్దు. కాకపోతే ఆ రోజునుంచి ఒకటి పట్టుకున్నా. ఎవరి మీద అనుమానం ఉందో, రాత్రి ప్రార్థనలో ముందు వాళ్ళ పేరు చెప్తా. వాళ్ళ చేతులు కాపాడమంటా. కొందరి విషయంలో నా అనుమానమే నిజమైంది, అయినా వాళ్ళ పేరు తియ్యలేదు. చాలామంది విషయంలో మాత్రం, పేరు చెప్తా ఉండగానే అనుమానం దానంతటదే పలచబడింది, తేరిన వాగునీళ్ళలాగా.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, నేను చెప్తుంటే ఇది రాస్తున్నది మా మనవడు. వాడూ, వాడి స్నేహితులూ ఈ వానలు తగ్గాక కొండల్లోకి చేపలకి పోదామని ఫోనులో గ్రూపు పెట్టుకున్నారు. తమ సంగతి ఎవరో బయటికి చేరేశారని, ఒక పిల్లాణ్ణి అందులోంచి తీసేశారు. వాడే మోశాడని రుజువేంట్రా అంటే, వాడు ఈ మధ్య ఎక్కువ మాట్లాడట్లేదు నానమ్మా, అన్నాడు.

నేను గొడవపడలేదు. ఆ పిల్లాడి పేరేంట్రా అని మాత్రం అడిగా. ఇయ్యాళ రాత్రికి కావాలి.